మనసు కొలిచే రేకుపెట్టెతో శ్రీకూర్మం తీరానికి

మనసు ఎక్కడుంటుందో చూసి రావడానికి శ్రీకాకుళం వెళుతున్నానని చెబితే, మా ఆవిడ జంతికలు డబ్బాలో సర్దుతూ, "దొరికితే వచ్చేటప్పుడు ఒకటి పట్టుకు రండి. మీ దగ్గర ఎలాగూ లేదు" అంది.

ఆవిడ వెక్కిరింపు అలా ఉంచండి. నేను గుంటూరులో పంతుళ్ళ ట్రైనింగు కాలేజీలో మనస్తత్వశాస్త్రం చెబుతాను. సాయంత్రాలు మా లెక్కల మాస్టారూ, తెలుగు పండితులవారూ, నేనూ ఒక కాఫీ హోటల్లో కూర్చుని గొంతులు బొంగురుపోయేదాకా వాదించుకుంటాం. లెక్కల మాస్టారు బొంబాయి వెళ్ళి, గది నిండా పట్టే కంప్యూటరు యంత్రాన్ని చూసి వచ్చాడు. అప్పట్నుంచీ మనసంటే సూత్రాల ప్రకారం నడిచే లెక్కేనంటాడు. పండితులవారు ఒప్పుకోరు. భాష తీసేస్తే మనసులో మిగిలేది శూన్యమంటారు. కొలవగలిగిందే మనసు అని నా పట్టు. శ్రీకాకుళంలో ప్రాక్టీసు చేస్తున్న మా డాక్టరు మిత్రుడు, పుర్రె కింద ఉన్న మాంసం ముద్ద గురించి తప్ప మిగతాదంతా కాలక్షేపమని కార్డు ముక్క మీద రాస్తాడు.

విదేశాల్లో ఈ నలుగురి లాంటివాళ్ళూ ఒకే బల్ల దగ్గర కూర్చోవడం మొదలుపెట్టారట. లెక్కల మాస్టారు ఆ మాట చెప్పిన రోజు నేను కాఫీ తాగడమే మరిచిపోయాను. ఇంకా పేరైనా స్థిరపడలేదట. బారసాల కాని బిడ్డ లాంటి శాస్త్రం! నా జీవితకాలంలో పుట్టిన బిడ్డ! దాన్ని చూడకుండా ఉండగలనా?

సరిగ్గా అప్పుడే డాక్టరు దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. వావీ వరసా లేకపోయినా హాస్టలు రోజుల నుంచి నన్ను బావా అనే పిలుస్తాడు. "బావా, శ్రీకూర్మం అవతల సముద్రం ఒడ్డున ఎర్రయ్య అని చేపలు పట్టే పల్లెకారి ఒకడు ఉన్నాడు. తలకి దెబ్బ తగిలింది. మతిపోయిందని అన్నగారు విశాఖ పిచ్చాసుపత్రికి పంపుతానంటున్నాడు. నా సంతకం కావాలట. భార్య వద్దని ఏడుస్తోంది. నాకు చెయ్యి ఆడటం లేదు. మనసు కొలుస్తానని కోతలు కోస్తావు కదా, వచ్చి కొలువు. నువ్వు అవునంటే సంతకం పెట్టేస్తాను."

రేకుపెట్టెలో బొమ్మల అట్టలూ, రంగు చెక్కముక్కలూ, సెకన్లు చూపే గడియారమూ పెట్టుకుని రైలెక్కాను. ఒక మనిషి బతుకు నా పెట్టె మీద ఆధారపడి ఉందన్న సంగతి, నిజం చెబుతున్నాను, విజయనగరం వచ్చేదాకా నా తలపుకే రాలేదు. ఉత్సాహం అలాంటిది.

విజయనగరం: ఏడో అంకె దగ్గర తప్పిన అవధాని

కోట వీధుల్లో ఏ మలుపు తిరిగినా ఎవరో వీణ శ్రుతి చేసుకుంటున్నారు. మా గుంటూరులో ఆ వేళకి మిరపకాయల బస్తాల మీద బేరాలు తప్ప ఏమీ వినిపించదు. హోటల్లో పదిహేను పైసల టీ తాగి, మా పండితులవారు రాసిచ్చిన చీటీ పట్టుకుని ఒక ముసలి అవధాని గారింటికి వెళ్ళాను. ఎనిమిది మంది ఎనిమిది వైపుల నుంచి ప్రశ్నలు వేస్తుంటే, మధ్యమధ్య గంట కొడుతుంటే, గంటలెన్నో లెక్క తప్పకుండా పద్యాలు చెప్పిన మనిషి ఆయన.

నేను ఊరుకుంటానా? పెట్టె తెరిచాను. "పన్నెండు అంకెలు చదువుతాను, వరసగా అప్పగించండి" అన్నాను. అంత గొప్ప అవధాని ఏడో అంకె దగ్గర తప్పాడు! ఆయన కోడలు గుమ్మంలో నిలబడి నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది.

ఆయన మాత్రం నొచ్చుకోలేదు. "మళ్ళీ వేరే పన్నెండు చదువు నాయనా, కాస్త నిదానంగా" అన్నాడు. నేను చదువుతుంటే వేళ్ళతో తొడ మీద తాళం వేశాడు. తర్వాత చిన్న రాగంలో పన్నెండూ అప్పగించాడు, వెనక నుంచి కూడా.

"పద్యాన్ని నేను జ్ఞాపకం పెట్టుకోను నాయనా. ఛందస్సు పెట్టుకుంటుంది. నేను నడక పట్టుకుని నిలబడతాను, మాటలు వాటంతటవే వచ్చి కూర్చుంటాయి" అన్నాడాయన.

నోట్‌బుక్కులో రాసుకున్నాను. దాని అవసరం ఎప్పుడు పడుతుందో అప్పటికి తెలియదు.

దారిలో: బస్సు ఆగిన అరగంట

మర్నాడు శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో దిగేసరికి రైలు బొగ్గు నుసికి నా చొక్కా గచ్చకాయ రంగుకు వచ్చింది. బస్సెక్కాను. ఏజెన్సీ వైపు నక్సలైట్ల గొడవల రోజులు కావడంతో దారిలో తనిఖీ జరిగింది. కానిస్టేబులు నా రేకుపెట్టెను లాఠీతో తట్టాడు.

"ఏటిది?"

"బుద్ధి కొలిచే పెట్టె."

నన్ను కిందకీ మీదకీ చూశాడు. "అయితే నాది కొలవండి సూద్దాం."

చెక్కముక్కలు రోడ్డు పక్క పరిచాను. తొమ్మిది ముక్కలతో అట్ట మీది బొమ్మ పేర్చాలి. కానిస్టేబులు టోపీ తీసి చంకలో పెట్టుకుని చెమటలు కక్కుతున్నాడు. బస్సులో వాళ్ళంతా దిగి చుట్టూ మూగారు. ఇంతలో వేరుశనక్కాయల బుట్ట దించి ఒకావిడ వంగి, "అలగ కాదు నాయనా, ఆ ఎర్రదాన్ని తిరగెయ్యి" అంటూ రెండు ముక్కలు అటూ ఇటూ మార్చి బొమ్మ పూర్తి చేసేసింది. గడియారం చూసుకుంటే, మా కాలేజీలో మొదటి మార్కు వచ్చే కుర్రాడి కంటే త్వరగా చేసింది!

"ఎక్కడ నేర్చుకున్నావమ్మా?" అన్నాను.

"ఇందులో నేర్సుకోడానికేటున్నాది బాబూ? రోజూ తాటాకు బుట్టలు అల్లుతాను, ఈ మాత్రం తెలీదేటి?"

కానిస్టేబులు టోపీ పెట్టుకుని బస్సుని పొమ్మన్నాడు. దారి పొడుగునా ఆవిడ నాకు డబ్బులు తీసుకోకుండా శనక్కాయలు పెట్టింది.

శ్రీకాకుళం: పుర్రె కింద సంగతి

డాక్టరు నన్ను చూడగానే, "ఏటి బావా, పెట్టెతో పాటు నీ బుద్ధి కూడా తెచ్చావా, అక్కడే ఒగ్గీసి వచ్చావా?" అని కావలించుకున్నాడు. రాత్రి భోజనంలో వంకాయ కూరలో కూడా బెల్లం తగిలింది. మా వైపు కూరలో బెల్లం వేస్తే వంటమనిషిని మార్చేస్తారు. రెండోసారి వడ్డించమని అడిగేదాకా నాకు దాని మహిమ తెలియలేదు.

భోజనమయ్యాక డాక్టరు తన వేలితో నా తల ఎడమ వైపు, చెవికి కాస్త పైన తట్టాడు. "ఎర్రయ్యకి దెబ్బ ఇక్కడ తగిలింది. కెరటంలో తెడ్డు ఎగిసి కొట్టింది. ఈ వైపు దెబ్బ తగిలితే కుడి చెయ్యి పడిపోతాది, మాట పోతాది. చెయ్యి కొంచెం వచ్చింది. మాట రాలేదు. ఒక్కటే మిగిలింది, ‘అదే’. ఏం అడిగినా అదే అంటాడు. అన్నం తిన్నావా అంటే అదే, నీ పేరేటంటే అదే."

"మరి మతి?"

"అదే కదా నాకు తెలీక నిన్ను పిలిచింది! మాట ఎక్కడ పోయిందో సెప్పగలను బావా. మతి ఉందో పోయిందో సెప్పడానికి నా దగ్గర గొట్టం లేదు."

ఇంత గడుసు మనిషి అలా ఒప్పుకోవడం నేను ఎన్నడూ వినలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టింది కానీ, చాలా ఆలస్యంగా.

శ్రీకూర్మం దాటాక: కాకి, చేప, పడవ, బండి

పొద్దున్నే కూర్మనాథుడి దర్శనం చేసుకున్నాం. తాబేలు రూపంలో స్వామి! నాలుగు కాళ్ళూ తలా లోపలికి ముడుచుకున్నా లోపల ప్రాణం ఉంటుంది కదా అనుకుని, ఆ ఆలోచనతోనే ఎర్రయ్య ఇంటికి నడిచాను. ఇసకలో చెప్పులు చేతిలో పట్టుకోవలసి వచ్చింది.

ఎర్రయ్యకి నలభై లోపే ఉంటాయి. నల్లగా, గట్టిగా, గుడిసె ముందు కూర్చుని ఎడం చేత్తో వల కుట్టుకుంటున్నాడు. భార్య పోలమ్మ మాకు చోడంబలీ (మా వైపు రాగి అంబలి అంటాం), వేయించిన ఎండు నెత్తళ్ళూ పెట్టింది. మా ఇంట్లో చేప పేరెత్తితే గిన్నెలు వేరు చేస్తారు. నేను మూడు గుక్కల్లో మొహమాటం వదిలి, రెండో ముంత అడిగాను. మా ఆవిడకి ఈ ముక్క చదివి వినిపించే ధైర్యం ఇంకా రాలేదు.

అన్నగారు అప్పన్న నిలబడే మాట్లాడాడు. దుర్మార్గుడేమీ కాడు. అతని గోడు వింటే మీరూ తలాడిస్తారు. ఎర్రయ్య వాళ్ళ పడవకి తండేలు, అంటే పెద్ద తెడ్డు పట్టి పడవ నడిపి, మిగతావాళ్ళకి ఆజ్ఞలు ఇచ్చేవాడు.

"మాట లేనోడు తండేలెలగవుతాడు బాబూ? కెరటంలో లాగండి అనాల, ఆపండి అనాల. అదే అదే అంటే అయిదుగురం మునిగిపోతాం. ఇంకోటి సెప్తాను ఇనండి. మా అయ్య నీటి అడుగున రాతిగట్టు ఒకటి ఎతికి పట్టినాడు. కోనం చేపలన్నీ అక్కడే. ఒడ్డునున్న కొండా గుడీ గుర్తులు సూసుకునే ఎల్లాల. ఆ జాగా ఎవులికీ సెప్పకూడదు, పోయేముందు ఒక్కడికే సెప్పాల. ఈడికి సెప్పి పోయినాడు. దెబ్బ తగిలిన కాణ్ణించి ఎక్కడరా అని అడుగుతున్నాం. గుడికాడ నిలబెట్టి అడిగినాను, ఇసకలో గీసి అడిగినాను. ఈడు అటూ ఇటూ సూసి ఏడుస్తాడు. అయ్య ఇచ్చిన జాగా మర్సిపోయినోడికి మతున్నట్టా, పోయినట్టా?"

నేను పెట్టె తెరిచాను. గర్వంగా తెరిచానని ఒప్పుకుంటున్నాను. నాలుగు అట్టలు పరిచాను. కాకి, చేప, పడవ, బండి. ఒక జాతివి ఒక చోట పెట్టాలి. ప్రాణమున్న కాకీ చేపా ఒక వైపు, ప్రయాణాలకి పనికొచ్చే పడవా బండీ ఒక వైపు. మా ఊళ్ళో ఎనిమిదేళ్ళ పిల్లలు చేస్తారు. ఎర్రయ్య కాకినీ, చేపనీ, పడవనీ కలిపి దగ్గరగా జరిపాడు. బండిని ఎడం చేత్తో నా ఒళ్ళోకి తోసేశాడు.

"అదే" అన్నాడు తృప్తిగా.

మళ్ళీ పరిచాను. మళ్ళీ అంతే. రంగుల ముక్కలు ఇచ్చాను. ఒకటి తీసి వల బరువుకి పనికొస్తుందేమో అని దారానికి కట్టి చూశాడు. నోట్‌బుక్కు తీసి, "వర్గీకరణ శక్తి లేదు" అని రాశాను. డాక్టరు నా మొహం వంక చూస్తున్నాడు. పోలమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది.

"ఏటి రాసినారు బాబూ?"

చెప్పాను. ఆవిడ కోపంతో నా ఎదుట చతికిలబడింది. "బండి ఇసకలోకి ఎలగొస్తాది? సక్రం దిగబడిపోదూ? కాకులు నీటి మీద మూగినకాడ సేపుంటాది, సేపున్నకాడికి పడవెల్తాది. మూడూ ఒకటే కదేటి? ఇది కూడా తెలీకుండా ఇంత దూరం ఎలగొచ్చినారు?"

నాకు చెవులు వేడెక్కాయి. అతని జవాబు తప్పు కాదు. నేను అడిగినది ఒకటి, అతను చెప్పినది దానికన్నా ముఖ్యమైనది. ఎందుకలా పెట్టావని అడిగే తెలివి నాకు లేకపోయింది, చెప్పే నోరు అతనికి లేకపోయింది. ఇద్దరిలో ఎవరి లోటు పెద్దది? నోట్‌బుక్కులో ఆ కాగితం చింపేశాను.

పోలమ్మ అంతటితో ఊరుకోలేదు. "ఈడు వలకాడ కూసుని పాడతాడు బాబూ. పాటలో మాటలుంటాయి. నా మాట ఎవులూ ఇనరు."

"మాటలా?" అని నేనూ డాక్టరూ ఒకేసారి లేచాం.

"ఆఁ. అడిగితే ఒక్కటీ రాదు. పాటలో తన్నుకొస్తాయి."

నడక పట్టుకుని నిలబడతాను, మాటలు వాటంతటవే వస్తాయి! విజయనగరంలో తొడ మీద పడిన ఆ తాళం నా చెవిలో మోగింది. డాక్టరు చెయ్యి పట్టుకుని ఊపేశాను. "మాట పోయిన చోటూ పాట ఉన్న చోటూ వేరేమో ఆలోచించు!" అన్నాను. అతను నోరు తెరిచి, "ఉండొచ్చు బావా, ఉండొచ్చు" అని గొణిగాడు. ఆ క్షణంలో నాకు ఇంకొకటి కూడా తట్టింది. ఒడ్డున నిలబడి చూస్తే కొండా గుడీ వాటి దారిన అవి ఉంటాయి. నీళ్ళ మీదికి వెళితేనే ఒకదాని వెనకకి ఒకటి వచ్చి కలుస్తాయి. ఎర్రయ్యని అందరూ ఒడ్డునే అడిగారు.

"అప్పన్నా, రేపు ఇతన్ని పడవ ఎక్కించు" అన్నాను.

"మునిగితే?"

"నేనూ ఎక్కుతాను. నాకు ఈత రాదు."

అప్పన్న నవ్వాడు. "అయితే పిచ్చాసుపత్రికి ఇద్దరిని పంపాల."

సముద్రం మీద

తెల్లవారుతుండగా పడవ నీళ్ళలోకి దిగింది. ఇంటి దగ్గర చెరువులో కూడా కాళ్ళు తప్ప తడపని నేను, రెండో కెరటానికే రాత్రి తాగిన చోడంబలి సముద్రానికి అప్పగించేశాను. తెడ్డు అప్పన్న చేతిలోనే ఉంది. ఎర్రయ్య మధ్యలో బస్తాలాగ కూర్చున్నాడు. తీరం సన్నబడేకొద్దీ అతని మెడ నిటారుగా అవుతోంది. పడవవాళ్ళు తెడ్లు వేస్తూ "హైలెస్సా" అనడం మొదలుపెట్టారు.

ఆ కేక నడకలోంచి, బొంగురుగా, ఎర్రయ్య గొంతు లేచింది.

"తాడి మీద కొండెక్కె, హైలెస్సా! గుడి దిబ్బ దాటొచ్చె, హైలెస్సా!"

తెడ్లు ఆగిపోయాయి. అప్పన్న మొహం చూడలేకపోయాను. "మా అయ్య గొంతురా. మా అయ్య మాటలివి" అన్నాడు. ఎవరూ చెప్పకుండానే లేచి, పెద్ద తెడ్డు తమ్ముడి ఎడం చేతికి ఇచ్చి పక్కకి జరిగాడు.

నేను వెనక్కి తిరిగి తీరం చూశాను. ఒంటి తాడిచెట్టు మెల్లగా జరుగుతూ జరుగుతూ వెనకున్న కొండ కొమ్ము కిందకి వచ్చి నిలిచింది. ఇటు పక్క ఇసక దిబ్బ వెనక నుంచి శ్రీకూర్మం గోపురం వెలిగి బయటికి వచ్చింది. రెండు గీతలు నా కళ్ళ ముందు గీసినట్టు కలిశాయి. లెక్కల మాస్టారు చూస్తే ఎగిరి గంతేసేవాడు! లెక్క ఉంది, పద్యం ఉంది, దెబ్బతిన్న తల ఉంది, తండ్రి కొడుక్కిచ్చిన ఆచారం ఉంది. సగం అతని లోపల, సగం ఆ కొండ మీద. నా రేకుపెట్టెలో మాత్రం ఏమీ లేదు.

"అదే!" అన్నాడు ఎర్రయ్య.

అప్పన్న తాడుకు కట్టిన ఇనుప గుండు వదిలాడు. అప్పటిదాకా అది బారలకి బారలు దిగి మెత్తటి అడుగులో కూరుకుపోతోంది. ఈసారి సగం దిగకుండానే ఠంగుమని రాయి తగిలింది. తాడు నా చేతికిచ్చాడు, నాకూ తెలిసింది. గేలాలు వేసిన కాసేపటికి కోనాలు పడ్డాయి. నా మోకాలి పొడుగున్న చేప ఒకటి నా ఒళ్ళో పడి తోకతో చెంప మీద కొట్టింది. అందరూ నవ్వుతుంటే నేను ఏడ్చాను. ఆనందమే, ఇంకేమీ కాదు.

అసలు పరీక్ష తిరిగి వచ్చేటప్పుడు. ఒడ్డు దగ్గర కెరటాలు గోడల్లా లేస్తున్నాయి. ఆజ్ఞ ఒక్క క్షణం ఆలస్యమైతే పడవ బోర్లా పడుతుంది. నేను పడవ అంచు పట్టుకుని కూర్మనాథుణ్ణి తలుచుకున్నాను. ఎర్రయ్య నడక అందుకున్నాడు. "ఆగరా ఆగు, హైలెస్సా... లాగరా లాగు, హైలెస్సా!" అయిదుగురి చేతులూ ఆ గొంతుతో ఆగాయి, ఆ గొంతుతో లాగాయి. కెరటం మమ్మల్ని వీపు మీద ఎక్కించుకుని తెచ్చి ఇసకలో దించింది.

పోలమ్మ నడుం లోతు నీళ్ళలోకి వచ్చి నిలబడి ఉంది. మొగుణ్ణి పలకరించలేదు. అప్పన్న వైపు తిరిగి, "తెడ్డు ఎవులు పట్టినారు?" అని అడిగింది.

"నీ మొగుడే పట్టినాడు. పాట పాడి మమ్మల్ని తెచ్చినాడు. ఆడి తెడ్డు ఆడిదే" అన్నాడు అప్పన్న.

ఒడ్డున కాచుకుని ఉన్న డాక్టరు జేబులోంచి సంతకం పెట్టని కాగితం తీశాడు. దాని వెనక నేను నా చేత్తో, తడి వేళ్ళతో రాశాను: "ఇతనికి మాట పోయింది. మతి పోలేదు." ఇద్దరం కింద సంతకాలు పెట్టాం.

గుంటూరు

బయల్దేరేటప్పుడు పోలమ్మ వద్దన్నా వినకుండా నా రేకుపెట్టె తెరిచి, అట్టల మీద ఎండు నెత్తళ్ళ పొట్లం పెట్టింది. రైలులో పక్కవాళ్ళు ముక్కులు మూసుకున్నారు. మా ఆవిడ పెట్టెను నాలుగు రోజులు పెరట్లో ఉంచి, మనసు ఇలాంటి వాసన వేస్తుందని తెలిస్తే తెమ్మనేదాన్నే కాదంది. కాఫీ హోటల్లో నా కథ విని లెక్కల మాస్టారూ, పండితులవారూ మొట్టమొదటిసారి ఒకరి మాటకి ఒకరు అడ్డురాలేదు.

ఆ వాసన మాత్రం పోలేదు. మొన్న క్లాసులో అట్టలు పరిస్తే ఒక ట్రైనీ కాకి బొమ్మ ముక్కు దగ్గర పెట్టుకుని, "మాస్టారూ, కాకికి చేప వాసన వస్తోంది!" అంది.

"అదే" అన్నాను.